పండక్కి అంగడి అలంకరణ: గిరాకీ అక్కడ నిలబడి ఫోటో దిగాలంటే

మా చీరల అంగడి అనంతపురం పాతూరులో. మూడేళ్ల కిందట దసరాకి గుమ్మం నిండా బంతిపూల దండలు కట్టించి, పైనుంచి కిందిదాకా సీరియల్ లైట్లు వేలాడదీసి, పక్కన నిలువెత్తు ఫ్లెక్సీ పెట్టించాను. వచ్చినోళ్లంతా "బాగుందప్పా" అని లోపలికి పోయినారు. తొమ్మిది రోజుల్లో ఒక్కరంటే ఒక్కరు అక్కడ నిలబడి ఫోటో దిగలేదు. ఎదురుగా చెరుకురసం బండాయన మాత్రం అటు నాలుగు గడలు, ఇటు నాలుగు గడలు నిలబెట్టి, పైన ఆకులు ముడేసి, మధ్యలో ఒక స్టూలు వేసినాడు. కాలేజీ పిల్లలు రసం తాగేది, ఆ స్టూలు మీద కూర్చునేది, ఒకరికొకరు ఫోటోలు తీసుకునేది. ఆయనకైన ఖర్చు సున్నా. ఆ గడలు రాత్రికి రసమైపోతాయి కూడా.

ఆయన మనిషికి చోటు వదిలినాడు. నేను ఎక్కడా జానెడు ఖాళీ లేకుండా నింపేశాను. పూలన్నీ పెట్టుకుని నా అంగడే పెళ్లికూతురై కూర్చుంటే, పక్కన నిలబడడానికి ఎవరికి మనసొస్తుంది? ఫోటో దిగేవాళ్లు తమని చూపించుకోవడానికి దిగుతారు, మన డెకరేషన్‌ని చూపించడానికి దిగరు. కింద చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. చీరల అంగడిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను గానీ గాజులకైనా, స్వీట్లకైనా, చెప్పులకైనా పద్ధతి ఇదే.

ముందు ఒకరోజు ఊరికే కూర్చుని చూడండి

ఏమీ కొనకముందు ఒక శనివారమో ఆదివారమో గల్లా దగ్గర కూర్చుని, మీ అంగట్లో జనం ఫోను ఎప్పుడు బయటికి తీస్తున్నారో గమనించండి. కాగితం మీద గీతలు పెట్టుకోండి. నేను చూసినప్పుడు ఆశ్చర్యం వేసింది. మా దగ్గర ఫోటోలు తీయక కాదు, రోజంతా తీస్తూనే ఉన్నారు. ఎక్కడ? అద్దం ముందర. చీర భుజాన వేసుకుని, చెల్లెలి చేత ఫోటో తీయించుకుని, బెంగళూరులో ఉన్న అక్కకో, ఇంట్లో ఉన్న అత్తకో పంపి, "ఎట్లుంది?" అని అడిగి, జవాబు వచ్చేదాకా కూర్చుంటారు. ఆ ఫోటోలో చీరతో పాటు మా ట్యూబులైటు, ఫ్యాను రెక్క, వెనక అట్టపెట్టెల కుప్ప, టీ గ్లాసు పడుతున్నాయి.

అంటే జనానికి కొత్తగా అలవాటు చేయాల్సిన పనేమీ లేదు. ఎక్కడైతే ఇప్పటికే ఫోను తీస్తున్నారో అక్కడికే అలంకరణ తీసుకుపోవాలి. మీ అంగట్లో అది అద్దం కావచ్చు, మెట్ల మలుపు కావచ్చు, మగవాళ్లు విసుగ్గా కూర్చునే బెంచీ కావచ్చు. ఆ బెంచీని తక్కువగా చూడొద్దు. చీరలు చూడ్డం ఒక గంట సాగితే ఆ గంటసేపు చేతిలో ఫోనుతో ఖాళీగా ఉండేది వాళ్లూ, పిల్లలూ.

గుమ్మం మాత్రం వద్దు. గుమ్మంలో ఫోటోకి నిలబడితే వెనక వచ్చేవాళ్లు ఆగిపోతారు, రోడ్డు మీద ఆటోలు ఆగుతాయి, నలుగురు చూస్తుంటే ఆడవాళ్లు అసలు నిలబడరు. గుమ్మానికి మావిడాకుల తోరణం, రెండు అరటి పిలకలు చాలు. ఖర్చంతా లోపలికి మళ్లించండి.

సుద్దముక్కతో కొలతలు గీయండి

ఫోను నిలువుగా పట్టుకుని మామూలు కెమెరాతో తీస్తే, ఎంత దూరం నుంచి తీస్తామో దాదాపు అంత వెడల్పు ఫోటోలో పడుతుంది. ఎత్తు దానికన్నా మూడోవంతు ఎక్కువ. ఆరడుగుల దూరంలో మనిషిని నిలబెడితే ఆరడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు. ముగ్గురు పట్టడానికి అది సరిపోతుంది. వీడియోలో వెడల్పు ఇంకా తగ్గి నాలుగున్నర దగ్గర ఆగుతుంది.

కానీ వెనక తెర మనిషికి ఆనుకుని ఉండకూడదు. రెండడుగులు ఎడం ఉంటేనే గోడ మీద నీడ పడదు. అప్పుడు తెర కెమెరాకి ఎనిమిదడుగుల దూరంలో ఉంటుంది కాబట్టి తెర ఎనిమిదడుగుల వెడల్పు ఉండాలి, లేకపోతే అంచుల్లో అట్టపెట్టెలు మళ్లీ తొంగిచూస్తాయి. తెరకి మనిషికి మధ్య రెండు, మనిషికి ఫోనుకి మధ్య ఆరు, ఫోను పట్టుకున్న వాళ్లకి ఒకటిన్నర. మొత్తం తొమ్మిదిన్నర, పదడుగుల లోతు కావాలి. నేల మీద సుద్దతో గీసి చూడండి. మాది కడప బండలు పరిచిన పాత నేల, నల్లటి బండ మీద తెల్ల సుద్ద బాగా కనిపించింది. గీశాకే తెలిసింది, నేను అనుకున్న చోట బీరువా తలుపు తెరుచుకోదని.

అంత లోతు లేని చిన్న అంగడి అయితే పెద్ద తెర ఆశ వదిలేసి సెల్ఫీ మూల చేయండి. చేయి చాచితే ఫోను రెండడుగుల దూరంలో ఉంటుంది, ముఖం, భుజాలు, తల చుట్టూ కొంచెం చోటు పడుతుంది, అంతే. అందుకని మీ సరంజామా అంతా నేల నుంచి మూడున్నర అడుగులు, ఏడడుగుల మధ్యనే ఉండాలి. కింద పెట్టిన ఇత్తడి బిందెలు, ముగ్గులు సెల్ఫీలో రావు. నాలుగడుగుల గోడ ఉన్నా పని జరుగుతుంది.

నిలబడే చోటు నేల మీద గుర్తుండాలి. పాదాల గుర్తులు వేద్దామని నాకూ తట్టింది. మా ఆవిడ వద్దంది. "లక్ష్మీదేవి పాదాల మీద ఎవరు తొక్కుతారు, పక్కకి జరిగి నిలబడతారు చూడు" అంది. నిజమే. చిన్న చుక్కల ముగ్గు చుట్టూ వేసి మధ్యలో ఖాళీ వదిలాం. ఎవరూ చెప్పకుండానే ఆ ఖాళీలో నిలబడుతున్నారు.

వెనక ఏం పెట్టాలి

మొదట, ఏం పెట్టకూడదో. దేవుడి బొమ్మ. దసరా కదా అని దుర్గమ్మవారి నిలువెత్తు బొమ్మ పెడితే జనం చెప్పులు పక్కన వదిలి దండం పెట్టుకుని పోతారు. అమ్మవారికి వీపు తిప్పి నవ్వుతూ ఫోటో దిగడానికి మనసు రాదు, రాకూడదు కూడా. పండగ అయ్యాక ఆ బొమ్మ ఏ మోరీ పక్కన పడుతుందో మనకందరికీ తెలుసు. పూజ గది పూజ గదిగానే ఉండనివ్వండి. బొమ్మల కొలువు పెట్టేవాళ్లు మూడు, ఐదు, ఏడు అని బేసి మెట్లే కట్టుకోండి గానీ పక్కన ఒక పీట వేసి ఉంచండి. పీట లేకపోతే కొలువుని ఫోటో తీస్తారు, మనిషి అందులో ఉండదు.

రెండోది, హైదరాబాదు మాల్‌లో చూసిన రెక్కల బొమ్మ, ప్లాస్టిక్ గులాబీల గోడ. అవి ఇప్పటికే అందరి ఫోన్లలో ఉన్నాయి. అనంతపురంలో దిగిన ఫోటో అనంతపురంలోదిలా ఉంటేనే బెంగళూరు అక్క "ఇదేడ?" అని అడుగుతుంది.

మన చుట్టుపక్కల సరుకు తక్కువేం లేదు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేస్తారు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలుని పలుచగా తీసి, సన్నటి ఉలితో చుక్కచుక్కగా తొలిచి, రంగులు వేస్తారు. వెనక దీపం పెడితే ఆ తొలిచిన చుక్కల్లోంచి వెలుగు జల్లెడలోంచి పిండి రాలినట్టు రాలుతుంది. రామాయణం బొమ్మలే కాదు, ఇప్పుడు లాంతర్లు, దీపాల తొడుగులు కూడా చేసిస్తున్నారు. నేను నెమళ్లు, చిలకలు, తామరపూలున్న లాంతర్లు తెచ్చుకున్నాను. తలకు కొంచెం పైన, ఒక్కొక్కటి ఒక్కో ఎత్తులో కట్టాను. అన్నీ ఒకే ఎత్తులో కడితే రేషను అంగడి ముందు క్యూలా ఉంటుంది. తోలుకి తడి తగలనీయకండి, లోపల వేడెక్కే పాత బల్బు పెట్టకండి, చిన్న ఎల్ఈడీ చాలు.

లేపాక్షి ఉండనే ఉంది. లతా మండపం స్తంభాల మీది తీగలు, డిజైన్లు చీరల అంచుల్లోకి వచ్చి ఎన్నాళ్లయిందో. ఆ తీగని మట్టిరంగు గుడ్డ మీద తెల్లగా గీయించండి. పెయింటరు దొరకకపోతే ముగ్గు బాగా వేసే అమ్మాయి ఎవరైనా మీ వీధిలోనే ఉంటుంది. కూలి ఇచ్చి వేయించుకోండి, "ఊరికే వేసిపెట్టమ్మా" అనొద్దు.

మా అంగట్లో అన్నిటికన్నా ఎక్కువ ఫోటోలు తెచ్చింది మాత్రం శనక్కాయ చెట్లు. దసరా, దీపావళి నాటికి మన చేలల్లో పీకుడు సాగుతుంటుంది. కాయలతో పీకిన చెట్లు నాలుగు మోపులు తెప్పించి, మట్టి దులిపి, తలకిందులుగా కట్టి, కింద రెండు చేటలు, ఒక గంప పెట్టాం. పల్లె నుంచి వచ్చిన పెద్దామె ఒకామె చెట్టు పట్టుకుని కాయలు లెక్కపెట్టింది. "ఇరవై రెండు కాసినాయి, ఎవరి చేనుదమ్మా ఇది?" అని అంగట్లో పనిచేసే మా పిల్లని అడిగి, పట్టుచీర భుజాన వేసుకునే ఆ చెట్టు పట్టుకుని ఫోటో దిగింది. ఆ ఫోటోలో ఆమె ముఖం చూడాలి. మూడో రోజుకి ఆకు వాడుతుంది, నాలుగో రోజు మార్చాలి. కాయలు పిల్లలు తెంపుకుని తింటారు, తిననివ్వండి.

చేతులకి పని ఇవ్వండి. ఫోటోకి నిలబడితే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియకే సగం మంది బిగుసుకుపోతారు. ఒక చేట, ఒక ఇత్తడి పళ్లెం, నూనె లేని ప్రమిదలో చిన్న ఎల్ఈడీ, ఏదో ఒకటి చేతికి అందే ఎత్తులో ఉంచండి. ఉయ్యాల చాలా బాగుంటుంది కానీ స్లాబుకి సరైన కొక్కీ ఉండి, ఇద్దరు పెద్దవాళ్ల బరువు వేసి చూశాకే కట్టండి. ఫ్యాను కొక్కీకి కట్టకండి.

ఇక తెర రంగు. ధర్మవరం పట్టులో ఎరుపు, మెరూన్, బంగారు జరీ ఎక్కువ. వెనక కూడా ఎర్ర తెర, బంతిపూలు వేస్తే చీర అందులో కలిసిపోతుంది. తెర గొంతు తగ్గించుకోవాలి. గంధం రంగు, మట్టి రంగు, లేత ఆకుపచ్చ సరిపోతాయి. పూలు అంచుల్లోనే ఉంచండి.

చీరలనే తెరగా వేయాలనుకుంటే లెక్క సులువు. చీర పొడవు ఐదున్నర మీటర్లు, అంటే పద్దెనిమిది అడుగులు. తొమ్మిదడుగుల ఎత్తులో పైపు కట్టి మీద నుంచి వేస్తే రెండు కొసలూ నేల తాకుతాయి. వెడల్పు నాలుగడుగులకి కొంచెం తక్కువ కాబట్టి కుచ్చిళ్లు పట్టి వేస్తే ఎనిమిదడుగుల తెరకి నాలుగు చీరలు పడతాయి. డ్యామేజీ చీరలు వాడండి. పిన్నీసులు గుచ్చకండి, క్లిప్పులు పెట్టండి. ఎండ తగిలే చోట పట్టు వేలాడదీస్తే పండగ అయ్యేలోపు రంగు పోతుంది.

లైటు దగ్గర తొందరపడొద్దు

డబ్బు సగం ఇక్కడ పెట్టినా తప్పు లేదు. అలంకరణ ఎంత బాగున్నా ముఖం నల్లగా పడితే ఆ ఫోటో అక్కడే డిలీట్ అవుతుంది.

మా మొదటి పొరపాటు లాంతర్ల వెలుగుని నమ్ముకోవడం. వెనక వెలుగు, ముందర చీకటి. ఫోను వెనక వెలుగుని పట్టుకుని ముఖాన్ని మసి చేసింది. ముఖానికి వెలుగు ముందు నుంచి రావాలి. ఫోను పట్టుకున్న మనిషికి అటొకటి ఇటొకటి, ఏడడుగుల ఎత్తులో, కొంచెం కిందికి వంచి రెండు ఎల్ఈడీ ప్యానెళ్లు పెట్టండి. సూటిగా కొడుతుంటే ముందర తెల్ల పంచె గుడ్డ ఒక అడుగు ఎడంగా కట్టండి, వెలుగు మెత్తబడుతుంది. సరిగ్గా నెత్తి మీదున్న లైటు ఆపేయండి. అది కళ్ల కింద గుంటలు చేస్తుంది, నలభై దాటిన వాళ్లెవరూ మళ్లీ మీ అంగట్లో ఫోటో దిగరు.

లైట్లన్నీ ఒకే రంగులో ఉండాలి. డబ్బా మీద 3000 కే అని ఉంటే పసుపు, 4000 కే అయితే మధ్యస్తం, 6500 కే అయితే తెల్లగా నీలం కొట్టేది. మన అంగళ్లలో మామూలుగా ఉండేది ఆ మూడోది. పాత ట్యూబులైటు 6500, కొత్త సీరియల్ 3000 అయితే ఒక చెంప పసుపు, ఒక చెంప నీలం. ముందరి లైట్లు 4000 పెట్టుకోండి, ఆ మూలలో మిగతా ట్యూబులు ఆపేయండి.

బట్టల అంగళ్లకి ఇంకో అంకె ముఖ్యం, సీఆర్ఐ. వెలుగు రంగుని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పేది అది. 90 పైన ఉన్నది అడిగి తీసుకోండి. చవక లైటులో వంకాయరంగుకీ మెరూన్‌కీ తేడా తెలీదు. "ఫోటోలో వంకాయ రంగు అనుకున్యామప్పా, ఇంటికి పోయి చూస్తే మెరూను" అని చీర వెనక్కి తెచ్చినప్పుడు నష్టం మనకే. అద్దం దగ్గర దిగిన ఫోటో మీదే కదా అత్తగారు సరేనన్నది.

వీడియోలో నల్లటి చారలు పరుగెత్తడం చూసే ఉంటారు. మన కరెంటు 50 హెర్ట్జ్, నాసి ఎల్ఈడీలు సెకనుకి 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలీదు, ఫోనుకి తెలుస్తుంది. కొనేముందు లైటు వెలిగించి, ఫోనులో స్లోమోషన్ వీడియో తీయండి. వెలుగు కొట్టుకుంటుంటే ఆ లైటు వద్దు. అంగడివాడు ముఖం చిట్లిస్తే చిట్లించనివ్వండి. సీరియల్ లైట్లకి ఉండే మీట నొక్కి, ఆరుతూ వెలుగుతూ ఆడే ఆట ఆపి, నిలకడగా వెలిగేలా పెట్టండి. జరీ మెరవాలంటే పక్కనుంచి ఒక చిన్న లైటు ఏటవాలుగా వేయండి. ఫ్లెక్సీ మీద ఏ లైటు వేసినా మధ్యలో తెల్లటి మచ్చ వస్తుంది, అందుకే గుడ్డ మీద అచ్చు వేయించుకోవడం మేలు.

ఈ లైట్లని ఇన్వర్టరుకి కలపండి. పండగ ముందు రోజు సాయంత్రమే కరెంటు పోతుంది, అది మన ఊళ్లకి మామూలే.

అంగడి పేరు ఎక్కడ, ఎంత

నిలువెత్తు అక్షరాలు వేస్తే అది ప్రకటన అవుతుంది. ప్రకటన ముందు ఎవరూ నిలబడరు. అసలు వేయకపోతే ఫోటో ఎక్కడిదో ఎవరికీ తెలీదు. భుజం ఎత్తులో, ఒక పక్కగా, మూడంగుళాల అక్షరాలు. ఊరి పేరు పెద్దగా, అంగడి పేరు చిన్నగా. ఊరంటే అందరికీ అభిమానం, అంగడంటే మనకొక్కరికే. ఫోను నంబరు, "భారీ తగ్గింపు", స్కాన్ చేసే గళ్ల చదరం, ఇవన్నీ గల్లా దగ్గరికి పంపేయండి.

ముందు కెమెరాతో తీసిన సెల్ఫీ కొన్ని ఫోన్లలో అద్దంలోలా తిరగబడే సేవ్ అవుతుంది, అక్షరాలు ఎడమకుడి మారతాయి. సెల్ఫీ మూలలో పేరుకి తోడు మీ గుర్తు ఒకటి పెట్టండి. నెమలో, ప్రమిదో, తిరగబడినా తెలిసేది.

మేము అట్టల మీద మాటలు రాసి కర్రలకి అతికించి పెట్టాం, చేతిలో పట్టుకోవడానికి. "శుభాకాంక్షలు" రాసినది ఎవరూ ముట్టలేదు. "యాభై చూసి ఒకటి కొన్నా" అన్నదానికీ, "మా ఆయనే బిల్లు కట్టినాడు" అన్నదానికీ వంతులేసుకున్నారు. ఆ రెండోది రెండు రోజులకే చిరిగిపోతే మళ్లీ రాశాం. వాళ్లు ఇంటికి పోయి అనబోయే మాటనే ముందుగా రాసిపెట్టాలి, రహస్యం అంతే.

ఫోటో తీసే మనిషిని పెట్టండి

కుటుంబంతో వచ్చినవాళ్లలో ఒకరు ఎప్పుడూ ఫోటో బయటే ఉండిపోతారు, ఎక్కువసార్లు ఇంటి పెద్ద. అందుకే మీ అంగట్లో చలాకీగా మాట్లాడే అమ్మాయి ఒకరికి సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా ఇదే పని ఇవ్వండి. మొదట నాలుగు సంగతులు నేర్పండి. ఫోను తీసుకోగానే కెమెరా అద్దం తుడవాలి, చేతుల జిడ్డుతో సగం ఫోటోలు అక్కడే మసకబారుతున్నాయి. సుద్ద గీత మీద నిలబడాలి. ఫోను తన ఛాతీ ఎత్తులో నిటారుగా పట్టుకోవాలి, పైనుంచి తీస్తే చీర పొట్టిగా కనిపిస్తుంది. మూడు తీయాలి, ఒక దాంట్లో ఎవరో ఒకరు కళ్లు మూస్తారు.

మా దగ్గర ఆ పని చేసే పిల్ల ఐదో సంగతి సొంతంగా నేర్చుకుంది. "అక్కా, కొంచిం ఇట్ల తిరుగు, పమిట సర్దుకో, ఆ... అంతే" అంటుంది. ఒకసారి అన్నాక ఒక్క క్షణం ఆగుతుంది. నవ్వు వచ్చేది ఆ ఆగినప్పుడే.

ఫోటో ఎప్పుడూ గిరాకీ ఫోనులోనే తీయాలి, మన ఫోనులో కాదు. ఇది కష్టపడి నేర్చుకున్న పాఠం. ఈ ఫోటో మూల పెట్టిన మొదటి ఏడాది ఒక కుటుంబం ఫోటో బాగా వచ్చిందని మా అంగడి స్టేటస్‌లో పెట్టాను. అడిగాననే అనుకున్నాను, నిజానికి అడగలేదు. రాత్రి పది గంటలకి ఫోను. "మా వదినె ఫోటో మీ అంగడి స్టేటస్‌లో ఎందుకుంది?" ఆయన గొంతు పెంచలేదు, అదే ఇంకా ఇబ్బందిగా ఉండింది. తీసేసి, మరుసటి రోజు ఇంటికి పోయి తప్పయిందని చెప్పి వచ్చాను. ఇప్పుడు వాళ్లంతట వాళ్లు పంపితేనే, "పెట్టుకోవచ్చా" అని అడిగి, సరేనంటేనే పెడతాం. పిల్లలున్న ఫోటో అడగను కూడా అడగం.

పంచుకోమని బలవంతం వద్దు. "పోస్టు పెడితేనే పది శాతం తగ్గింపు" అన్న బోర్డు చూస్తే జనం అలా పెట్టి, తగ్గింపు తీసుకుని, బయట మెట్ల మీదే తీసేస్తారు. మన ఊళ్లో ఇన్‌స్టా కన్నా వాట్సాప్ స్టేటస్‌దే బలం. అది 24 గంటలే ఉంటుంది కానీ చూసేది చుట్టాలు, పక్కింటివాళ్లు, రేపు చీర కొనబోయేవాళ్లు. మనం చేయాల్సింది ఆ మూలలో నెట్ అందేలా చూడడం. మందపాటి గోడల పాత అంగళ్లలో సిగ్నలు ఉండదు, ఇంటికి పోయాక ఫోటో సంగతే మర్చిపోతారు. ఒక వైఫై పెట్టి, పాస్‌వర్డ్ అక్కడే రాసి ఉంచండి. డబ్బులిచ్చి ఎవరిచేతైనా రీల్ చేయిస్తే మాత్రం అది ప్రకటన అని అందులో చెప్పించండి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆ మాట ఉంది.

జాగ్రత్తలు

థర్మోకోల్ అలంకరణ 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం. బెలూన్ల ప్లాస్టిక్ పుల్లలు, 100 మైక్రాన్లకన్నా పలుచని పీవీసీ బ్యానర్లు కూడా ఆ జాబితాలోనే ఉన్నాయి. డెకరేషన్ వాళ్లు ఇంకా తెస్తుంటారు, జరిమానా పడేది మీకు. వైర్లు పిల్లల చేతికి అందకూడదు, ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి అన్నీ తగిలించకూడదు, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చు లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి వేయించండి. చుట్టూ ఉన్నది బట్ట, మర్చిపోకండి. నిజం దీపాలు వెలిగించకండి. బయటికి పోయే దారికి తెర అడ్డం రాకూడదు.

ఎప్పుడు మొదలుపెట్టాలి

దసరాకి ముందు మహాలయ పక్షాలు పదిహేను రోజులు మనకి బేరాలు పలుచన. ఆ రోజుల్లోనే పైపులు కట్టి, లైట్లు వేసి, సరిచూసుకోండి. అమావాస్య దాటి పాడ్యమి నాడు వెలిగించండి. శ్రావణంలో వరలక్ష్మీవ్రతానికి చేసేవాళ్లు బయట గుడ్డ తెరలు కట్టకండి. మన ఆషాఢం గాలి శ్రావణంలోనూ పూర్తిగా పోదు, తెరతో పాటు కర్రనీ లేపుకుపోతుంది.

వెలిగించడానికి ముందు రాత్రి పరీక్ష పెట్టండి. అంగట్లో పనిచేసేవాళ్లందరి ఫోన్లూ తీసుకుని, అందులో అన్నిటికన్నా పాతదీ చవకదీ ఏదో దాంతో తీయండి. అందులో బాగా వస్తే అన్నిటిలో వస్తుంది. ఒక ఎర్ర చీర, ఒక తెల్ల చొక్కా, ఒక నల్ల బుర్ఖా, మూడింటినీ నిలబెట్టి చూడండి. మన అంగడికి అందరూ వస్తారు, అందరి ముఖాలూ కనపడాలి. పొట్టి పిల్లాడినీ నిలబెట్టండి. మా పేరు రాసిన అట్ట మొదట వాడి నెత్తికి తగిలింది.

పండగ నడుస్తున్న రోజుల్లో పొద్దున్నే పది నిమిషాలు. రాలిన రేకులు ఊడ్చడం, వాడిన బంతి మార్చడం, ముగ్గు దిద్దడం, చెరిగిన సుద్ద గీత మళ్లీ గీయడం. పూల ధర పండగ ముందు రెండు రోజులు ఎగిరి కూర్చుంటుంది కాబట్టి అంచులకి మాత్రమే పూలు పెట్టుకున్నవాళ్లకి అప్పుడు భారం తెలియదు.

దీపావళి అయ్యాక తెర, లాంతర్లు, అట్టలు విప్పి దుమ్ము దులిపి, తోలు లాంతర్లని పాత పంచె గుడ్డలో చుట్టి, ఎలుకలు ఎక్కని అలమరాలో పెట్టండి. పైపులూ, ముందరి రెండు లైట్లూ మాత్రం కదిలించకండి. సంక్రాంతికి మళ్లీ అవే కావాలి, రంజాను రాత్రి బేరాలకీ అవే కావాలి. ఈ సంక్రాంతికి చెరుకు గడలు కట్టమని ఆ ఎదురుబండాయనకే చెప్పాను. అడ్వాన్సు తీసుకున్నాడు, స్టూలు కూడా తనే తెస్తానన్నాడు.